5000 పాటల పెట్టెలో 30 పాటలు చాలు: డిమెన్షియా ఉన్న ఇంట్లో సరిగమ కారవాన్ తెలుగు

"అమ్మకి మతిమరుపు జబ్బు, డిమెన్షియా అన్నారు. పాటలంటే ప్రాణం. సరిగమ వాళ్ల కారవాన్ పాటల పెట్టె కొనివ్వమంటారా?" చాలా ఇళ్లలో వినిపించే ప్రశ్న ఇది. కొనివ్వండి. కానీ అట్టపెట్టె విప్పి, ఆవిడ చేతిలో పెట్టి, "నీకు కావాల్సింది పెట్టుకో అమ్మా" అని ఊరుకునేట్టయితే మాత్రం కొనకండి. నెల తిరక్కుండా అటకెక్కుతుంది. ఈ వస్తువు బాగుందా లేదా అన్న దానికంటే దాన్ని ఎలా సిద్ధం చేశారన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంది. అందుకే ఈ సమీక్షలో సగం వస్తువు గురించి, సగం దాన్ని సిద్ధం చేసే పద్ధతి గురించి.

వస్తువు సంగతి ముందు. పాతకాలపు ట్రాన్సిస్టర్ ఆకారం. తెలుగు రకంలో 5000 పాటలు ముందే నింపి ఇస్తారు. ఇంటర్నెట్ అక్కర్లేదు, ప్రకటనలు రావు. ఎఫ్ఎం, బ్లూటూత్, పెన్‌డ్రైవ్ పెట్టుకునే యూఎస్‌బీ ఉన్నాయి. చార్జింగ్ నిండుగా ఉంటే సుమారు 5 గంటలు పాడుతుంది. ధర అమ్మేచోటును బట్టి ఆరేడు వేల దగ్గర ఉంటుంది. మినీ అనే చిన్న రకం అందులో సగం కంటే తక్కువకే వస్తుంది, పాటలు కొన్ని వందలే.

దీని అసలు బలం పాటల వయసు. సరిగమ అంటే ఒకప్పటి గ్రామఫోన్ కంపెనీ, మన ఇళ్లలో హెచ్ఎంవీ. ఘంటసాల, లీల, జిక్కి, సుశీల, పి.బి. శ్రీనివాస్ గొంతులు దాని ఖజానాలో దండిగా ఉన్నాయి. డిమెన్షియా ఉన్నవాళ్లకు ఇది ఎందుకు ముఖ్యమంటే, మనిషికి పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల లోపు విన్న పాటలే అన్నిటికంటే లోతుగా నాటుకుంటాయి. లెక్క తేలిక. 1945లో పుట్టినవాళ్లకు 1955 నుంచి 1975 దాకా వచ్చినవి కావాలి. 1955లో పుట్టినవాళ్లకు 1965 నుంచి 1985. పిల్లలు చేసే మొదటి పొరపాటు ఇక్కడే: తమకు చిన్నప్పుడు ఇష్టమైన పాటలు, అంటే అమ్మకు నలభై దాటాక వచ్చినవి, ఎంచి పెడతారు. "అమ్మ ఇవన్నీ మాతో కలిసి వినేది" అంటారు. వినే ఉంటుంది, వంట చేసుకుంటూ. అవి పిల్లల పాటలు, ఆవిడవి కావు.

పాట నిలబడటానికి మెదడులో కారణం కూడా ఉంది. జర్మనీలోని లైప్‌జిగ్ పరిశోధకులు 2015లో చూపించినదాని ప్రకారం, ఎన్నాళ్లుగానో తెలిసిన సంగీతాన్ని గుర్తుపట్టే భాగాలు డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే అల్జీమర్స్ రకంలో మిగతా వాటికంటే తక్కువగా దెబ్బతింటాయి. కొడుకు పేరు తప్పిపోయిన మనిషి చరణం మొత్తం తప్పులేకుండా పాడటం వెనక ఉన్నది అదే కావచ్చు. అయితే పాట మతిమరుపును తగ్గించదు. ఈ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే అమ్మేవాళ్లు చెప్పరు. 2025లో, వైద్య పరిశోధనలను కలిపి తూచే కొక్రేన్ సంస్థ 30 అధ్యయనాలు, 1720 మంది ఫలితాలు కలిపి చూసింది. దిగులు తగ్గుతుందని, ప్రవర్తనలో తేడాలు మొత్తం మీద కొంత నెమ్మదించవచ్చని తేలింది. జ్ఞాపకశక్తిలో మార్పేమీ కనబడలేదు. ఒంట్లో కుదురులేకపోవడం, కోపంతో కొట్టడం లాంటివీ పెద్దగా తగ్గలేదు. పైగా ఆ అధ్యయనాల్లో పక్కన ఒక మనిషి కూర్చుని జరిపించారు. పెట్టె ఒక్కటే ఆ పని చేస్తుందనుకోవద్దు.

ఇక లోపాలు. మామూలు వృద్ధులకు ఈ పెట్టె చక్కగా సరిపోతుంది. డిమెన్షియా మధ్యదశలో ఉన్నవాళ్లకు ఇందులో మీటలు ఎక్కువ. గాయకుల జాబితా మార్చే చక్రం, మోడ్ (లోపలి పాటలా, ఎఫ్ఎమ్మా, బ్లూటూతా, పెన్‌డ్రైవా అన్నది) మార్చేది, ముందుకి, వెనక్కి, ఆపేది, శబ్దం పెంచేది. చేతికి తగిలిందల్లా తిప్పుతారు. మోడ్ పొరపాటున బ్లూటూత్‌కి మారితే పెట్టె నోరు మెదపదు. పాడయిందనుకుంటారు, లేదా ఎవరో పాడుచేశారని కోడలి మీద అనుమానం మొదలవుతుంది. అక్కడికి పాట పోయి పంచాయితీ మిగులుతుంది.

దీనికి మందు ఎలక్ట్రికల్ కొట్లో దొరికే నల్ల ఇన్సులేషన్ టేపు, పది రూపాయలు. మోడ్ మీట మీద, జాబితాల చక్రం మీద టేపు వేసేయండి. పాట మొదలుపెట్టి ఆపే మీట ఒక్కటే వదలండి. దాని మీద గోళ్ల రంగుతోనో స్టిక్కరుతోనో ఎర్రటి చుక్క పెట్టండి. వయసు ముదిరిన కంటికి నీలం, ఆకుపచ్చ కలిసిపోయి కనిపిస్తాయి, ఎరుపూ పసుపూ తేలిగ్గా ఆనుతాయి. మీట కింద "పాట" అని వేలెడంత అక్షరాలతో తెలుగులో రాసి అంటించండి. చదవడం వచ్చినవాళ్లలో ఆ శక్తి చాలాకాలం నిలుస్తుంది.

5000 పాటలు ఉండటం కూడా లోపమే. వరసగా వదిలేస్తే సరదా పాట తర్వాత విషాద గీతం, దాని వెనకే క్లబ్బు పాట వస్తాయి. మనకు అది మార్పు. మూడు నిమిషాల కిందటి సంగతి నిలవని మనిషికి ప్రతిసారీ కొత్త చోటికి తీసుకెళ్లి వదిలినట్టు. నాలుగో పాటకి లేచి నడవడం మొదలుపెడతారు. ఎఫ్ఎం అయితే ఇంకా దూరంగా ఉంచాలి. అరుపులాంటి ప్రకటనలు ఒక ఇబ్బంది. లూయీ బాడీ రకం డిమెన్షియాలో లేని మనుషులు కనిపించడం ఉంటుంది కాబట్టి, గదిలో కనబడని యాంకర్ గొంతు "ఇంట్లోకి ఎవరో వచ్చారు" అన్న భయానికి నిప్పు రాజేస్తుంది.

అందుకే మేం చెప్పేది, ఈ పెట్టెలో అన్నిటికంటే పనికొచ్చే భాగం పెన్‌డ్రైవ్ రంధ్రం. ముందే నింపిన పాటల్ని మార్చలేం, తీసేయలేం. పెన్‌డ్రైవ్ మన చేతిలో ఉంటుంది.

30 నుంచి 40 పాటలు తీసుకోండి. ఆ కాలపు పాట గ్రామఫోన్ రికార్డుకి ఒక వైపు సరిపడేలా తయారైంది కాబట్టి మూడు, మూడున్నర నిమిషాలే ఉంటుంది. తొమ్మిది పది పాటలైతే అరగంట. అరగంటకొక ఫోల్డర్ చొప్పున నాలుగు చాలు. ఎంపీత్రీలోనే ఉంచండి. 128 కేబీపీఎస్ నాణ్యతలో నిమిషానికి సుమారు ఒక ఎంబీ పడుతుంది, అంటే నలభై పాటలూ కలిపి 150 ఎంబీ లోపే. అతి చిన్న పెన్‌డ్రైవ్ కూడా ఎక్కువే. 32 జీబీ కంటే పెద్దది కొనకండి. దాన్ని కంప్యూటర్లో ఫ్యాట్ 32 పద్ధతిలో ఫార్మాట్ చేయాలి, లేకపోతే ఇలాంటి చాలా పెట్టెలు దాన్ని చదవవు. ఫైళ్ల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, ముందు 001, 002 అని అంకె పెట్టి రాయండి. ఒట్టి 1, 2 అని రాస్తే 1 తర్వాత 10 వచ్చే ప్రమాదం ఉంది. కొన్ని పెట్టెలు పేరును కాక, ఎక్కించిన వరసను చూస్తాయి. కాబట్టి అన్నీ ఒకేసారి గుమ్మరించకుండా ఒక్కొక్కటే క్రమంలో ఎక్కించడం క్షేమం.

అందరూ వదిలేసే మెట్టు శబ్దం సమం చేయడం. 1957 నాటి పాట సన్నగా వినిపిస్తుంది, 1980 నాటిది గయ్యిమంటుంది. సన్నదానికి పెంచిన శబ్దంలో తర్వాతిది మొదలయ్యేసరికి మనిషి ఉలిక్కిపడి రెండు చెవులూ మూసుకుంటుంది. ఆ తర్వాత రెండు రోజులు పెట్టె దగ్గరికే రాదు. కంప్యూటర్లో ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో లౌడ్‌నెస్ నార్మలైజేషన్ అన్నది ఎంచి, అన్ని పాటలకూ ఒకే అంకె ఇచ్చి, మళ్లీ ఎంపీత్రీగా దాచుకోండి. పనిలో పనిగా పాట ముందు వచ్చే సినిమా సంభాషణలు, ఏడుపులు, గుర్రాల డెక్కల చప్పుళ్లు కత్తిరించేయండి. నలభై పాటలకు ఒక ఆదివారం పడుతుంది. పెన్‌డ్రైవ్ గోరంత పొట్టిది కొనాలి. బయటికి పొడుచుకొచ్చేది ఎలాగూ లాగేస్తారు, నోట్లో పెట్టుకునే దశ అయితే మరీ ప్రమాదం. దాని మీద కూడా ఒక టేపు ముక్క.

ఏ పాటలు ఎంచాలన్న దగ్గర మన ఇళ్లకు ప్రత్యేకమైన గోతులు కొన్ని ఉన్నాయి. పెద్దవాళ్లంటే భక్తి అనుకుని ఘంటసాల భగవద్గీత పెడతారు. అది మన ఊళ్లలో ఎక్కడ వినిపిస్తుందో గుర్తుతెచ్చుకోండి. ఎవరైనా పోయిన ఇంటి ముందు, శవయాత్ర బండి మీద. వినగానే "ఎవరు పోయారు?" అని లేచి, తెల్లచీర వెతుక్కునేవాళ్లు ఉంటారు. తెలిసి ఇష్టపడేవాళ్లకు తప్ప పెట్టవద్దు. సుప్రభాతం తెల్లవారుజామున అద్భుతంగా పనిచేస్తుంది. లేవాలి, పళ్లు తోముకోవాలి అన్న వరస దానితోనే కదులుతుంది. అదే సాయంత్రం ఆరింటికి పెడితే తెల్లారిందనుకుని రాత్రంతా మేలుకుంటారు. నాదస్వరం వినగానే పెళ్లికి ఆలస్యమవుతోందని హడావుడి పడి బీరువా తీసే ఆడవాళ్లు ఉంటారు. అది తప్పేం కాదు, కాకపోతే పడుకోబెట్టే వేళకి పనికిరాదు. విజయవాడ ఆకాశవాణి భక్తిరంజనితో పొద్దు మొదలైన ఇళ్లవాళ్లకు ఆ రకం లలితగీతాలు, తత్వాలు సినిమా పాటకంటే ముందు అందుతాయి. క్రైస్తవ కుటుంబమైతే పాత కీర్తనలు, పాతబస్తీ ముస్లిం కుటుంబమైతే నాత్‌లూ (ప్రవక్తను కీర్తించే పాటలు) గజళ్లూ. గజళ్లు కావాల్సినవారికి తెలుగు రకం కాకుండా హిందీ రకం చూడండి.

పెట్టెలో అసలు దొరకనివి కూడా చెప్పాలి. పల్లెలో పెరిగి, సినిమా ఏడాదికొకటి చూసిన ఆమెకు సినిమా పాట అంత లోతులో ఉండదు. ఆమె పాట దంపుళ్లప్పుడు, నాట్లప్పుడు, బతుకమ్మ చుట్టూ పాడుకున్నది. బతుకమ్మ పాటకి ఇంకో సుగుణం ఉంది. పాట అంతా గుర్తుండక్కర్లేదు. పక్కవాళ్లు పాదం అందిస్తే తను "ఉయ్యాలో" అంటే చాలు. మాటలు దాదాపు పోయిన దశలో, ఆ ఒక్క మాట సమయానికి పడటం చూడండి. ముందు పెదవి కదులుతుంది, రెండో పాదానికి చెయ్యి చప్పట్లోకి ఎత్తుకుంటుంది, మూడోదానికి గొంతు వస్తుంది. మంగళహారతులు, జోలపాటలు, పెళ్లిళ్లలో పాడే అప్పగింతల పాటలు కూడా ఇంట్లోని పెద్దమ్మ చేతో, అత్తయ్య చేతో ఫోన్‌లో పాడించి ఎక్కించండి. అప్పగింతల్లో కన్నీళ్లు వస్తాయి, అది సహజం. తల నిమిరితే సర్దుకునే కన్నీళ్లయితే పాట ఉంచండి. ముఖం బిగుసుకుని, చేతులు నలుపుకుంటూ, పాట అయిపోయాక కూడా పది నిమిషాలు ఆగకపోతే తీసేయండి.

ఎప్పుడు పెట్టాలి? చాలామందికి పొద్దువాలే వేళ చిరాకు మొదలవుతుంది. సొంత ఇంట్లోనే కూర్చుని "మా ఇంటికి వెళ్లిపోతా, బస్సు పోతుంది" అంటారు. అది మొదలయ్యాక పాట పెడితే లాభం తక్కువ. ఆ చిరాకు రోజూ ఏ వేళకి వస్తోందో వారం రోజులు క్యాలెండర్ మీద గుర్తుపెట్టుకుని, దానికి అరగంట ముందు పెట్టండి. ఐదున్నరకి వస్తుందంటే ఐదింటికి. అప్పటికే విసుగులో ఉంటే నెమ్మది పాటతో మొదలుపెట్టకూడదు. మనిషి ఉన్న ఊపుకు దగ్గరగా ఉన్న హుషారు పాటతో ఎత్తుకుని, ఒక్కొక్క పాటకీ వేగం దించుకుంటూ రావాలి. ఆ ఫోల్డర్‌లో పాటల వరస అలాగే పేర్చండి. టీవీ ఆపేయాలి, కుక్కర్ కూతపెట్టే సమయం కాకూడదు. అరగంటతో ఆపేయండి. పొద్దస్తమానం మోగే పెట్టె గోడ గడియారంలాగా చెవికి అలవాటైపోతుంది, లేదంటే తలనొప్పవుతుంది. ఫ్రంటో టెంపోరల్ రకం డిమెన్షియాలో ఒకే పాట పదేపదే కావాలని పట్టుబట్టడం కూడా ఉంది. అక్కడ పెట్టె కనబడకుండా దాచడమే మార్గం.

ఇంకో మాట. నిన్నటి దాకా పాటకు కుదుటపడిన మనిషి ఇవాళ ఉన్నట్టుండి ఒప్పుకోకపోతే పాట మార్చడం కాదు చేయాల్సింది. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, పంటినొప్పి, కొత్త మందు, వీటిని చూడాలి. చెప్పుకోలేని నొప్పి ఇలాగే బయటపడుతుంది.

శబ్దం విషయంలో కారవాన్‌కు మంచి మార్కులే. పాత పాటలో గొంతు ముందుకొస్తుంది, అది కావాల్సినదే. పెట్టెను వెనక కాకుండా ఎదురుగా, కూర్చున్న మనిషి చెవి ఎత్తున, మూడు నాలుగు అడుగుల దూరంలో పెట్టండి. వెనక నుంచి వచ్చే గొంతు బెదరగొడుతుంది. పక్కన ఇద్దరు గొంతు పెంచకుండా మాట్లాడుకోగలిగేంత శబ్దం సరిపోతుంది. వినబడటం లేదని పెంచుకుంటూ పోతే మాటలు ఇంకా ముద్దయిపోతాయి. వయసుతో పోయేది ముందు సన్నని ధ్వనులే, మోత పెంచినా అవి రావు. ముందు చెవిలో గులిమి గట్టిపడిందేమో చూపించండి, వినికిడి మిషన్ ఉంటే దాని బ్యాటరీ చూడండి. చాలా ఇళ్లలో సమస్య అక్కడే తేలుతుంది.

స్నానానికి ఒప్పించడానికి పాట పనికొస్తుంది గానీ పెట్టెను బాత్రూమ్‌లోకి తీసుకెళ్లకండి. ఐదు నిమిషాల ముందు గదిలో పెట్టి, అదే పాటను మీరు పాడుకుంటూ చెయ్యి పట్టుకుని నడిపించండి. సంరక్షకులు పాడుతూ పనులు చేయించినప్పుడు మనిషి తక్కువ ఎదురుతిరుగుతుందని స్వీడన్‌లో నర్సుల పరిశోధనలు చూపించాయి. శ్రుతి తప్పినా పట్టించుకునేవారు లేరు. అన్నం తినేటప్పుడు మాత్రం పాడించే పాటలు వద్దు. ముద్ద నోట్లో ఉండగా పాడబోతే పొలమారుతుంది, మింగడం కష్టమైన దశలో అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అప్పటికి వీణో వేణువో, మాటల్లేనిది చాలు.

ఇంతకంటే తక్కువలో అవుతుందా? పెన్‌డ్రైవ్ పెట్టుకునే మామూలు బ్లూటూత్ స్పీకర్ వెయ్యి లోపే దొరుకుతుంది. చిక్కేమిటంటే ఆన్ చేయగానే వాటిలో చాలా వరకు ఒక ఆడగొంతు ఇంగ్లీషులో "బ్లూటూత్ మోడ్" అని అరుస్తుంది, రంగురంగుల దీపాలు మిణుకుతాయి. అవి లేనిది దొరికితే కళ్లుమూసుకుని తీసుకోండి. ఫోన్‌లో యూట్యూబ్ పెడితే మధ్యలో ప్రకటనలు, ఫోన్ కాల్స్. మాటతో పనిచేసే స్మార్ట్ స్పీకర్ జబ్బు మొదటి దశకే. దాని పేరు గుర్తుపెట్టుకుని, కావాల్సింది ఒక్క వాక్యంలో అడగగలిగినంత కాలమే. బ్రిటన్, అమెరికాల్లో ఉన్న మనవాళ్లకు సింపుల్ మ్యూజిక్ ప్లేయర్ అనేది దొరుకుతుంది. మూత ఎత్తితే పాడుతుంది, మూస్తే ఆగుతుంది, మధ్యలో ఒక పెద్ద మీట నొక్కితే తర్వాతి పాట. డిమెన్షియా కోసమే చేసినది, ఆ ఒక్క విషయంలో కారవాన్ దాని ముందు నిలవదు. కానీ అందులో తెలుగు పాటలు మనమే నింపుకోవాలి. అక్కడి సంరక్షణ గృహంలో ఉన్నవాళ్లకు ఏ పెట్టె ఇచ్చినా, ఏ ఫోల్డర్ ఏ వేళకో ఇంగ్లీషులో రాసి మూత లోపల అంటించండి. తెలుగు తెలియని నర్సుకు సుప్రభాతమూ జోలపాటా ఒకటే.

కొనేటప్పుడు మీ పెన్‌డ్రైవ్ వెంట తీసుకెళ్లండి. కొట్లోనే నాలుగు సంగతులు చూడండి: పెన్‌డ్రైవ్ చదువుతోందా, పాటల వరస మీరు పెట్టినట్టే ఉందా, కట్టేసి మళ్లీ వేస్తే అదే పెన్‌డ్రైవ్ మోడ్‌లో మొదలవుతోందా లేక వేరేదానికి పోతోందా, శబ్దం కిందటిసారి ఉన్నచోటే ఉందా. మూడోదానికి జవాబు తేడాగా ఉంటే, ఆ మనిషి తనంతట తాను వాడుకోలేరు, ప్రతిసారీ ఒకరు పెట్టి ఇవ్వాలి. మినీ కొనేవాళ్లు యూఎస్‌బీ ఉన్న రకమో కాదో పెట్టె మీద చదవండి. డిమెన్షియా మొదటి దశకు పెద్ద కారవాన్ ఐదుకు నాలుగు. మధ్యదశలో టేపు, పెన్‌డ్రైవ్ ఉంటే మూడున్నర, లేకపోతే రెండు. చివరి దశలో చిన్న రకం చాలు, మీట నొక్కేది ఎలాగూ మీరే.